ఒకే మగ్జ్, ఎన్నో నాప్‌లు

ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో ‘మగ్జ్’ అనే మాటకు మా ఉస్తాద్ రెండు అర్థాలు చెప్పారు. తలలో ఉండేదీ మగ్జే, బాదం పెంకు పగలగొడితే దొరికే పప్పూ మగ్జే. చాలా ఏళ్ల తర్వాత కంప్యూటర్ల మీద ఓ వార్తను తర్జుమా చేస్తూ ‘కెర్నల్’ అనే మాట దగ్గర ఆగినప్పుడు ఆ సబక్ గుర్తొచ్చింది. ప్రాసెసర్‌తో, మెమొరీతో, డిస్కుతో మాట్లాడుతూ, ఏ ప్రోగ్రామ్‌కు ఎంత జాగా, ఎంత వక్త్ ఇవ్వాలో ఫైసలా చేసే లోపలి పప్పే కెర్నల్.

2013లో మా భాంజీ డిగ్రీలో చేరింది. కొత్త లాప్‌టాప్ కొనే తాహత్ మా చెల్లెలికి లేదు. ఆఫీసులో మూలన పడేసిన పాతది ఒకటి అడిగి తెచ్చాను. మెమొరీ 512 ఎంబీ. డెబియన్ లినక్స్ ముఫ్త్‌గా దొరుకుతుంది కదా, అదే ఎక్కిద్దామనుకున్నాను. పెద్దదైతే మంచిదనే ఖయాల్‌తో 64 బిట్ల సీడీ పెట్టాను. ఈ ప్రాసెసర్ 32 బిట్లదని రెండు ముక్కలు చూపించి తెర ఆగిపోయింది. “ఖరాబ్ అయిపోయిందా మామూ?” అంది పిల్ల, ముఖం చిన్నబుచ్చుకుని. మెషీన్ ఖరాబ్ కాలేదు. నాప్ తీయకుండా బట్ట కత్తిరించింది నేనే.

అసలు ఇన్ని రకాలు ఎందుకొచ్చాయో తెలియాలంటే కొంచెం తవారీఖ్‌లోకి వెళ్లాలి. 1991 ఆగస్టు 25న హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త సిస్టమ్ గురించి లోకానికి చెప్పాడు. అది 386 చిప్ కోసమే రాసింది. వేరే మెషీన్లకు మార్చగలిగేది కాదని తనే రాసుకున్నాడు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1995 మార్చిలో వచ్చిన లినక్స్ 1.2 ఆల్ఫా, మిప్స్, స్పార్క్ చిప్‌ల మీద కూడా అడుగుపెట్టింది. 1996లో వచ్చిన 2.0 ఒకే మెషీన్‌లో ఒకటికి మించి ప్రాసెసర్లున్నా నడిపించగలిగింది.

మెషీన్లు పెరిగేకొద్దీ నాప్‌లూ పెరిగాయి. 2005లో వచ్చిన డెబియన్ 3.1లో మామూలు పీసీకే 386, 686, కే7 అని వేర్వేరు కెర్నళ్లుండేవి. రెండు ప్రాసెసర్లుంటే దానికి మళ్లీ ఎస్ఎంపీ అని ఇంకో రకం. తర్వాత కెర్నల్‌కే అఖల్ నేర్పారు. ఎన్ని ప్రాసెసర్లున్నాయో బూట్ అయ్యేటప్పుడే చూసుకుని, ఒక్కటే ఉంటే అక్కర్లేని తాళాలను తనే తీసేసుకుంటుంది. దాంతో 2007 నాటి డెబియన్ 4.0లో ఆ విడి రకం అవసరమే లేకుండా పోయింది.

మెమొరీ కథ వేరు. 32 బిట్లతో లెక్క పెడితే 4 జీబీ దగ్గర చిరునామాలు అయిపోతాయి. 1995లో పెంటియమ్ ప్రోతో వచ్చిన పీఏఈ అనే తర్కీబ్ చిరునామాను 36 బిట్లకు పెంచింది. హద్దు 64 జీబీకి జరిగింది. 2003లో ఏఎండీ తెచ్చిన ఆప్టెరాన్ 64 బిట్ల దారి తెరిచింది.

అందుకే 2013 నాటి డెబియన్ 7లో మా ముందు మూడు ముఖ్యమైన రకాలు నిలబడ్డాయి: 486, 686-పీఏఈ, ఏఎండీ64. లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే ప్రాసెసర్ తన గుణాలన్నీ చెబుతుంది. వాటిలో ‘ఎల్ఎం’ ఉంటే 64 బిట్లది. అది లేకుండా ‘పీఏఈ’ ఉంటే రెండోది. రెండూ లేకపోతే 486. మా లాప్‌టాప్‌లో రెండూ లేవు. 32 బిట్ల సీడీ తెచ్చి 486 ఎక్కించాను. లేచి కూర్చుంది. ఆ పిల్ల మూడేళ్ల నోట్సు దాని మీదే రాసుకుంది.

పనిని బట్టి కూడా రకాలున్నాయి. రియల్ టైమ్ కెర్నల్ అంటే తేజ్‌గా పరిగెత్తేదని చాలామంది అపోహ. అది వేగం కాదు, వాదా. ఫ్యాక్టరీలో మరచేయి ఫలానా క్షణానికి కదలాలంటే ఆ క్షణానికి కదిలి తీరాలి. దానికోసం మొత్తం పని కొంత నెమ్మదించినా ఫర్వాలేదు. ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా ఉన్న ఆ మెహనత్ 2024 నవంబరులో లినక్స్ 6.12తో అసలు కెర్నల్‌లో కలిసింది. ఇంకోవైపు, క్లౌడ్ సర్వర్ల కోసం డెబియన్ ఇచ్చే కెర్నల్‌లో చాలా డ్రైవర్లు తీసేసి ఉంటాయి. అద్దె గదిలోకి ఇంటి సామానంతా ఎందుకు? ఇంట్లో చదువుకునే పిల్లలకు ఈ రెండూ అక్కర్లేదు, మామూలుదే చాలు.

అయితే ప్రతి నాప్‌నూ ఎల్లకాలం ఎవరో ఒకరు కుడుతూ ఉండాలి. అది మోయలేనప్పుడు దర్వాజా మూస్తారు. 2013 ఫిబ్రవరిలో లినక్స్ 3.8 తను పుట్టిన 386నే వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీకి కెర్నల్ గానీ, ఇన్‌స్టాలర్ గానీ లేవు. చేసేవాళ్ల మజ్‌బూరీ నాకు అర్థమవుతుంది. కానీ ఆ దర్వాజా మూసుకున్నప్పుడు ముందుగా బయట మిగిలేది మా చెల్లెలి ఇంటి లాంటి ఇళ్లేనన్నదీ తెలుసు.

అందుకే నా గుజారిష్ ఒకటే. ఇంట్లో పాత మెషీన్ ఉంటే కబాడీవాలాకు వేసే ముందు ఒక్కసారి దాని నాప్ తీయండి. 64 బిట్లదైతే ఇంకా చాలా ఉమర్ ఉంది. ఏ పిల్ల చదువుకైనా పనికొస్తుంది.