గంధవహుడు, పృషదశ్వుడు

గత సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికా నుండి పుట్టపర్తి వచ్చాడు. మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం. అక్కడి స్నేహితులతో కలిసి అక్టోబరు నెలలో విల్లంబులతో జింకల వేటకు పోవడం నేర్చుకున్నాడట. అక్కడ దానికి లైసెన్సు ఇస్తారు, అది తప్పు కాదు. వేటకు వేసుకునే దుస్తుల బొమ్మ ఫోనులో చూపించి, "మామా, ఇది తొడుక్కుంటే మనిషి వాసన జింకకు తగలదని అమ్మేవాళ్ళు చెప్తారు. ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మన ఊళ్ళలో పూర్వం వేటాడేవాళ్ళు కదా, వాళ్ళు ఈ వాసన సంగతి ఏం చేసేవాళ్ళు?" అని అడిగాడు.

బడిలో పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వేట గురించి నాకేం తెలుసునని నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. వాడు తిరిగి విమానమెక్కిన తరువాత కూడా దాని వెంట తిరిగాను. ఆ తిరుగుడులో దొరికినవే ఇక్కడ మిత్రుల ముందు పెడుతున్నాను.

ముందు ఆ దుస్తుల కథ. వాటి గుడ్డలో ఉత్తేజిత కర్బనం, అంటే ప్రత్యేకంగా కాల్చి సిద్ధం చేసిన బొగ్గుపొడి ఉంటుంది. ఆ బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని. ఒక్క గ్రాము బొగ్గు లోపలి ఉపరితలాన్ని పరిస్తే కొన్ని వందల చదరపు మీటర్లు, మేలురకమైతే వెయ్యికి పైగా వస్తుంది. గాలిలో తేలే వాసన అణువులు వచ్చి ఆ గోడలకు అంటుకుంటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువులనుండి సైనికులను కాపాడిన ముసుగులలో వాడినది ఈ బొగ్గునే. కొబ్బరి చిప్పలు కాల్చి చేసిన బొగ్గు అందుకు శ్రేష్ఠమని అప్పుడే గ్రహించారు. తరువాతి కాలంలో సైనికుల రక్షణ దుస్తులలోకి, 1990వ దశకంలో వేటగాళ్ళ చొక్కాలలోకి ఆ బొగ్గు ప్రవేశించింది. తుపాకి గలవాడు వంద గజాల దూరంనుండి కొట్టగలడు. విల్లు పట్టినవాడు ఇరవై ముప్పై గజాల దాకా చేరాలి. అందుకే ఈ చొక్కాల మీద ఆశ విలుకాళ్ళకే ఎక్కువ.

మరి పని చేస్తాయా? జింకను అడిగి తెలుసుకోలేము కనుక, శాస్త్రజ్ఞులు కుక్కను అడిగారు. జాన్ షివిక్ అనే అమెరికా వన్యప్రాణి శాస్త్రవేత్త 2002లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. కొందరికి ఈ బొగ్గు దుస్తులు, కొందరికి మామూలు దుస్తులు తొడిగి దాచిపెట్టి, తప్పిపోయినవారిని వెదకడంలో ఆరితేరిన కుక్కలను వదిలారు. బొగ్గు దుస్తులు తొడిగినా దాదాపు అందరినీ కుక్కలు పట్టేశాయి. ఫలితాన్ని మార్చినది చొక్కా కాదు, ఆనాటి గాలి, తేమ వంటి వాతావరణ స్థితిగతులు. కుక్క ముక్కు వేరు, జింక ముక్కు వేరు అని వాదించవచ్చు. కానీ ఆ వాదం చొక్కా పని చేస్తుందని రుజువు చేయదు.

కారణం ఊహించడం కష్టం కాదు. మనిషి వాసన చంకలోనుండే పుట్టదు. చర్మంనుండి క్షణక్షణమూ పొలుసులు రాలుతుంటాయి. చెమటను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. అన్నిటికీ మించి, ఊపిరి ఉన్నది. ముఖాన్ని, చేతులను, మెడను, నోటిని ఏ చొక్కా మూస్తుంది? పైగా బొగ్గు రంధ్రాలు ఒకనాటికి నిండిపోతాయి. కర్మాగారాలలో దానిని మళ్ళీ ఖాళీ చేయడానికి కొలిమి వంటి వేడి కావాలి. ఇంట్లో బట్టలారబెట్టే యంత్రానికి అంత వేడి ఎక్కడిది? కొంతవరకు ఖాళీ అవుతుందని అమ్మేవారి పక్షం, కాదని కొన్నవారి పక్షం. ఈ తగవు న్యాయస్థానానికీ ఎక్కింది. 2007లో మిన్నెసోటా రాష్ట్రపు వేటగాళ్ళు కొందరు దావా వేశారు. వాసనను పూర్తిగా నిర్మూలిస్తుందన్న ప్రకటన అబద్ధమని 2010లో క్రింది న్యాయస్థానం అన్నది. ఆ ప్రకటనలను నిలిపివేయమన్న ఉత్తర్వును 2011లో పై న్యాయస్థానం కొట్టివేసింది. అంటే న్యాయమూర్తులకు కూడా మాట అర్థం దగ్గరే పేచీ వచ్చింది. తగ్గించడం వేరు, లేకుండా చేయడం వేరు. జింకకు ఆ తేడా అక్కరలేదు. కొంచెం తగిలినా అది పరుగెత్తుతుంది.

ఇక మన వైపు చూద్దాం. అమరకోశంలో వాయుదేవుని పేర్లు చదువుతుంటే రెండు పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి పృషదశ్వుడు, రెండవది గంధవహుడు. పృషత్ అంటే చుక్కల జింక. దానిని గుర్రంగా చేసుకున్నవాడు పృషదశ్వుడు. గంధాన్ని మోసేవాడు గంధవహుడు. పిల్లల చేత ఈ పేర్లను ఎన్ని ఏళ్ళు వల్లె వేయించానో లెక్కలేదు. ఒక్కనాడూ ఆ రెండు పేర్ల పొరుగును గమనించలేదు. అమరసింహుడు వేటను తలచి వాటిని పక్కపక్కన పెట్టాడని నేననను, ఛందస్సు అలా కుదిరి ఉండవచ్చు. కాని జింక నెక్కి తిరిగే దేవుడే వాసనలనూ మోసుకు తిరుగుతాడన్న ఊహ మాత్రం, అడవినెరిగిన మనుషులకు కాక మరెవరికి తడుతుంది?

వేట మన రాజులకు వినోదం, కవులకు వర్ణనీయం. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మృగయావినోదానికి ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట మనకు తెలిసినవే. మాకు దగ్గరలోని లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలో కిరాతార్జునీయం ఉన్నది. శివుడు, అర్జునుడు ఒకే పందికి గురిపెట్టిన ఘట్టం. హంపీలో మహానవమి దిబ్బ రాళ్ళ మీద వరుసలు వరుసలుగా వేట బొమ్మలు. ఇవన్నీ చూచినప్పుడు నాకు తోచినది ఒకటే: విల్లు, ఈటె, వల, కుక్క, గుర్రం కంటికి కనిపిస్తాయి. గాలిని మాత్రం ఏ శిల్పీ చెక్కలేడు. కనుక వేటలో అసలు విద్య ఏదో అది బొమ్మలలో మిగలలేదు, నోటి మాటగానే మిగిలింది.

ఆ నోటి మాట నాకు చిన్నతనంలో దొరికింది. మా ఇంటి వెనుక వీధిలో ఒక బోయ తాత ఉండేవాడు. మా నాయన పొలానికి కావలి. వేటమాట ఎత్తితే రాత్రి ఎంతసేపైనా చెప్పేవాడు. ఒకనాడు, జింకకు కనపడకుండా ఎట్ల పోతావు తాతా అని అడిగితే, పిడికెడు దుమ్ము ఎత్తి వదిలి చూపించాడు. "దుమ్ము యాపక్క పోతాదో చూడు నాయనా. అది మన మీదికి రావల్ల. మన యెనక్కి పోవల్ల. దుమ్ము మనకంటే ముందు పోయిందంటే, ఇంగ నువ్వు ఇంటికి పోయి పండుకోవచ్చు." రాత్రి గొర్రెల దొడ్డిలో పండుకుని, ఆ కంబడితోనే తెల్లవారి బయలుదేరేవాళ్ళమనీ చెప్పాడు. గొర్రెల వాసన జింకకు రోజూ తగిలేదే, దానితో దానికి భయం లేదు. వల వేసినప్పుడు గాలి వచ్చే దిక్కున మనుషులను నిలిపి తమ వాసనతోనే మందను కదిలించేవారట, వలలు గాలి పోయే దిక్కున. అంటే వాసనను దాచుకోవలసిన లోపంగానే కాక, పనిముట్టుగా కూడా వాడుకున్నారు. మిషిగన్ చొక్కా ఆ రెండవ పని చేయలేదు.

ఇక్కడ మరొక సంగతి. మన పీఠభూమి జింక అడవి జింక కాదు. తెలుగువారు ఇర్రి అని పిలిచిన కృష్ణజింక బయలునేలది. అడవిలో పొదల చాటున బ్రతికే కణితికి ముక్కూ చెవులూ ప్రాణం. చెట్టు లేని చోట నాలుగు దిక్కులు కనిపించే నేల మీద పెరిగిన కృష్ణజింకకు ప్రధాన రక్షణ కన్ను, ఆ తరువాత కాళ్ళు. అందుకే ఎడ్లబండి పక్కన నడిచిపోయేవాడిని అది రైతనుకుని ఉపేక్షించేది. ఈ మర్మం తెలిసిన దొరలు బండి చాటునుండే కాల్చేవారు. పెంపుడు మగజింక కొమ్ములకు ఉచ్చులు కట్టి అడవి జింక మీదికి పోరుకు వదిలే పద్ధతిని అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ వర్ణించాడు. ఈ పద్ధతులన్నిటిలో మనిషి తన్ను తాను తుడిచివేసుకోలేదు. జింకకు అలవాటైన మరొకదాని పక్కన నిలబడ్డాడు. అది పశువైనా కావచ్చు, బండైనా కావచ్చు, మరో జింకైనా కావచ్చు.

గాలి మాట వచ్చింది కనుక మా గాలి గురించి కూడా చెప్పాలి. అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వాననీడలో ఉన్నది. జూన్ వస్తే నైరుతి పవనాలు కనుమలకు ఆవలనే తమ నీళ్ళు దించుకుని, ఉత్త చేతులతో మా మీదికి వస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తరువాత మాదేనని చిన్నప్పటినుండి వింటున్నాం. వాన రాదు గాని గాలి వస్తుంది. ఇక్కడికి దగ్గరలోనే రామగిరి గుట్టల మీద 1990వ దశకంలోనే గాలిమరలు లేచాయి. అంత నికరంగా ఒకే దిక్కునుండి వీచే గాలి వేటగాడికి వరం. ఆ నెలల్లో పడమటి వైపు మొగం పెట్టి నడిస్తే చాలు, వాసన వెనక్కే పోతుంది. ఎండాకాలపు మధ్యాహ్నాలలో మాత్రం కాగిన నేలమీది గాలి సుడులు తిరుగుతుంది, దానిని నమ్మరాదు. తాత వేటకు తెల్లవారుజామునే పోవడంలోని కారణం నాకు ఇన్నేళ్ళకు బోధపడింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక అందులోని మొదటి షెడ్యూలు జంతువు. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. వేట నేరం, అలా ఉండడమే న్యాయం. చిత్రమేమిటంటే మా పుట్టపర్తి చుట్టుపక్కల జింక కనిపించక ఎన్నేళ్ళో అయినది. ఉమ్మడి జిల్లా ఉత్తరభాగంలో ఉరవకొండ వైపు మాత్రం మందలు మందలుగా వచ్చి వేరుశనగ, పప్పుశనగ మొలకలు తినిపోతున్నాయని రైతుల గోడు. ఆ రైతులకు జింక రాష్ట్ర జంతువు కాదు, తెల్లవారేసరికి ఖాళీ అయిన చేను. ఎట్లా వేటాడాలో తెలిసినవారు పోయారు. ఎట్లా కలిసి బ్రతకాలో ఇంకా తెలియలేదు.

తాత వేట ఎందుకు మానుకున్నాడో చెప్పి ముగిస్తాను. అది చట్టానికి చాలా ముందటి మాట. 1952 ప్రాంతపు కరువు. రాయలసీమలో ఊరూరా గంజి కేంద్రాలు నడిచిన రోజులు. చిత్రావతి ఇసుకలో ఊరివాళ్ళు తవ్విన చెలమ దగ్గర తాత రాత్రంతా మాటు వేశాడు. ఇంటిలో గింజ లేదు. తెల్లవారుతుండగా ఒక లేడి వచ్చింది. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. తన వాసన తిన్నగా దాని మీదికి పోతున్నదని తాతకు తెలిసింది. లేడి తలెత్తింది. ముక్కుపుటాలు అదిరాయి. తాతను చూచింది. పరుగెత్తలేదు. అడుగు మీద అడుగు వేసుకుంటూ వచ్చి, చెలమలోకి వంగి నీళ్ళు తాగింది.

"దానికి తెలిసింది నాయనా, నేనుండానని. తెలిసీ వచ్చింది. నాకు ఆకలి, దానికి దప్పిక. ఇంగ యేట యేముండాది?"

కొట్టావా తాతా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. దుమ్ము కొంచెం చేతిలోకి తీసుకుని వదిలాడు, అది ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నాడు. ఆ ఏడు తరువాత విల్లు ముట్టలేదని మాత్రం మా నాయన చెప్పేవాడు.

మేనల్లుడికి ఫోనులో ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మామా, చొక్కా కొననా వద్దా?" అన్నాడు చివరికి. కొనుక్కో నాయనా, చలికి పనికొస్తుంది, కానీ పోయే ముందు పిడికెడు దుమ్ము వదిలి చూడు అన్నాను.