చేప పేరు మిగిలింది, చెప్పినవాడు మిగల్లేదు: నీటి పరిశోధనలో తొలి ఉద్యోగాల చరిత్ర

సముద్ర చేపల శాస్త్ర గ్రంథాల్లో ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’ అనే పేరు కనిపిస్తుంది. అందులో మొదటి మాట శాస్త్రవేత్తలు కట్టింది. రెండోది మన విశాఖ తీరం మాట. మనవాళ్లు కానాగుర్తలనీ కానాగంతలనీ పిలిచే చేప అది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో 200 చేపలు సేకరించి, వాటి బొమ్మలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు వేశాడు. చేపలకి అక్కడి జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే అందులోంచి ఈ పేరు తీసుకుని శాస్త్రనామంగా ఖాయం చేశాడు. ఇవాళ్టికీ ఆ చేప పేరు పక్కన కువియే పేరు రాస్తారు. ఒడ్డున నిలబడి ‘ఇది కానాగుర్త’ అని చెప్పిన జాలరి ఎవరు? అతని పేరు మనదాకా రాలేదు.

1822లో ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగానది చేపల మీద వేసిన పుస్తకంలోనూ ఇదే వరస. రోహిత, కట్ల, మృగల అనే శాస్త్రనామాలు ఈ నేల మాటల్లోంచి వచ్చినవే.

ఈ పాత కథ చెప్పడం పేర్ల మీద మోజుతో కాదు. నీటి జీవుల శాస్త్రం మన దేశంలో ఇలా మొదలైంది: తెలిసినవాడు ఒకడు, శాస్త్రవేత్త మరొకడు. ఈ ఇద్దరి మధ్య ఒక మెట్టు ఉండాలి. అదే జీతమిచ్చి పరిశోధన నేర్పే తొలి ఉద్యోగం. ఆ మెట్టు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నదే మన ముందున్న ప్రశ్న.

సంస్థలు వచ్చాయి, కూలీలు కూలీలుగానే మిగిలారు

1914లో నెల్సన్ ఆనండేల్ బృందం చిలికా సరస్సును సర్వే చేసింది. 1916లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది, ఆనండేల్ దానికి మొదటి డైరెక్టరు. 1947లో లోతట్టు నీటి చేపలకొకటి, సముద్ర చేపలకొకటి కేంద్ర పరిశోధనా సంస్థలు వచ్చాయి. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వచ్చింది. వీటిలో జరిగిన మంచి పనిని కాదనక్కర్లేదు. కానీ చిలికా మీద తరతరాలుగా బతికినవాళ్లెవరు? కండరా, తియరా లాంటి షెడ్యూల్డు కులాలవాళ్లు. వాళ్లతోపాటు నోలియాలని పిలిచే తెలుగు మాట్లాడే జాలర్లు. ఏ నెలలో ఏ చేప సముద్రంలోంచి సరస్సులోకి ఎక్కుతుందో, ఎప్పుడు ఉప్పు విరుగుతుందో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. సర్వేలలో పడవ తోలేందుకూ వల లాగేందుకూ ఇలాంటివాళ్లే కావాలి. కొలిచి, రాసి, సంతకం పెట్టడానికి మాత్రం చదువుకున్న అగ్రవర్ణం కావాలి. కులం వృత్తిని పంచినట్టే విజ్ఞానాన్నీ చేతిపని, తలపని అని రెండుగా పంచింది.

నీటికీ దళితులకీ మధ్య ఇంకో చరిత్ర ఉంది. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర. బర్రెలకి కుడితి పెట్టిన మురికి ఆ నీళ్లలో కలుపుతుంటే కాదన్నారు, మున్నంగి సువార్త ఎదురు నిలిచింది. మర్నాడు 17న భూస్వామ్య కులం ఊరి మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపింది. సువార్త ఆ రోజు మాట్లాడింది ఆత్మగౌరవం గురించి. అదే నోటితో నీటి నాణ్యత గురించి కూడా మాట్లాడింది. ఆ నీళ్లు తాగేవాళ్లకే అవి పాడైన సంగతి ముందు తెలుస్తుంది. మన చరిత్రలో ఈ రెండో విషయాన్ని గుర్తించినవాళ్లు తక్కువ.

సీసా పట్టుకున్నవాడి పని

కొల్లేరు మీద ఒక ప్రాజెక్టులో కొంతకాలం పనిచేశాను. పని తెల్లారకముందే మొదలవుతుంది. రాత్రంతా మొక్కలూ నాచూ సకల జీవాలూ ఆక్సిజన్ వాడేస్తాయి, ఎండ వస్తే గాని కొత్తది తయారవదు. అందుకే నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. సీసాలో బుడగ లేకుండా నీళ్లు పట్టి, రెండు మందులు అక్కడికక్కడే కలపాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతి ఇది. నేను సీసా పట్టుకుని కూచుంటే పడవ తోలే పెద్దాయన నవ్వి, ‘సీసాలో చూసేదేముందయ్యా, అదిగో చేప పైకొచ్చి నోరు తెరుస్తంది’ అన్నాడు. నా సీసాలోనూ మడ్డి తెల్లగానే దిగింది. మా నివేదికలో అంకెలున్నాయి, ఆయన పేరు లేదు. ఆ పేరు రాయాలని నాకూ తోచలేదు, దాచడమెందుకు.

జీతం నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. పడవ బాడుగ, బస్సు చార్జీ, ఐసు పెట్టె ఖర్చు ముందు మనమే పెట్టుకోవాలి. బిల్లులు పాసయ్యాక తిరిగిస్తారు. ఇంట్లో సర్దుబాటు చేసేవాళ్లున్న కుర్రాడు ఆగగలడు. కూలికెళ్లే అమ్మకి నెలనెలా డబ్బు పంపాల్సినవాడు ఆగలేడు. రెండో ఏడు మా బ్యాచిలో మిగిలినవాళ్లెవరో చూస్తే ఎవరు ఆగగలిగారో తెలిసింది.

చట్టంలో ఉన్న సందులు

ఇది ఒక్కరి కష్టం కాదు, ఏర్పాటే అలా ఉంది. 1975 జూన్ 23న కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, నడిపే శాస్త్రీయ సాంకేతిక పోస్టులు గ్రూప్ ఎ తొలి మెట్టుకి పైన ఉంటే వాటికి రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇవ్వచ్చంది. అంటే పై మెట్లకి దారి మూసుకోవచ్చు. సరే, తొలి మెట్టుకి రిజర్వేషన్ ఉంది. కానీ ఆ మెట్టెక్కడానికి పరిశోధనానుభవం కావాలి, పేపర్లు కావాలి. అవి దొరికేది ప్రాజెక్టు అసిస్టెంటు, ప్రాజెక్టు అసోసియేటు లాంటి తాత్కాలిక పనుల్లో. 45 రోజులు గానీ అంతకు మించి గానీ ఉండే తాత్కాలిక నియామకాల్లో రిజర్వేషన్ పాటించాలని 1968 నుంచీ ఉత్తర్వులున్నాయి. అయితే ఒక్కో ప్రాజెక్టులో ఉండేది ఒకటో రెండో పోస్టులు. ఒకే పోస్టున్న కేడరులో రిజర్వేషన్ కుదరదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చండీగఢ్ పి.జి.ఐ. కేసులో చెప్పింది. దాంతో పోస్టుల్ని విడివిడిగా చూపిస్తే రోస్టరే పుట్టదు. ఎవర్ని తీసుకోవాలో ప్రాజెక్టు పెద్ద ఇష్టం. ఆయనకి తెలిసిన పిల్లలు ఏ కులాలవాళ్లో వేరే చెప్పాలా!

రెండో దారి ఫెలోషిప్పు. 1984లో జాతీయ స్థాయి పరీక్షతో జె.ఆర్.ఎఫ్. వచ్చింది. 2005-06లో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకి రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్పు మొదలైంది. మన పిల్లలు వందలుగా ప్రయోగశాలల్లో అడుగుపెట్టడానికి ఇవి కారణం. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకి 37,000 రూపాయలు. అంకె బాగానే ఉంది. కానీ ఆ డబ్బు నెలనెలా చేతికి రావాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్పు రావాల్సి ఉంది. ఆగిపోయిన ఫెలోషిప్పును ఆఫీసు జాప్యమని సరిపెట్టుకోకూడదు. అది మనిషిని చదువులోంచి బయటికి నెట్టే పనిముట్టు.

ఏం అడగాలి?

ఒక సంస్థలోని ప్రాజెక్టు పోస్టులన్నిటినీ కలిపి ఒకే రోస్టరు కింద లెక్కించాలి. తొలి ఉద్యోగాల ప్రకటనలు సాంఘిక సంక్షేమ హాస్టళ్ల గోడల మీదికీ, మత్స్యకార సంఘాల ఆఫీసులకీ తెలుగులో రావాలి. జీతం లేని వేసవి శిక్షణ రద్దు కావాలి. జీతం లేకుండా రెండు నెలలు గడపగలిగేది ఉన్నవాళ్లే కదా. క్షేత్ర ఖర్చులు ముందే ఇవ్వాలి. పడవ తోలి, చేప పేరు చెప్పి, వల వేసినవాళ్ల పేర్లు నివేదికల్లో ఉండాలి.

ఇందులో ఒక చిక్కుంది, దాన్ని దాటెయ్యకూడదు. కొల్లేరు వడ్డీలు, విశాఖ జాలర్లు వెనుకబడిన కులాలు. వాళ్ల సమస్యా మాల మాదిగల సమస్యా ఒకటి కావు. నీళ్ల మీద బతికినవాళ్ల తెలివిని వాడుకుని మనిషిని వదిలేశారు. నీళ్లు ముట్టుకోనివ్వనివాళ్లకి ఆ శాస్త్రం దరిదాపులకే రానివ్వలేదు. రెండు అన్యాయాలకీ వేర్వేరు లెక్కలు తియ్యాలి. కానీ ఇద్దరూ తట్టాల్సిన తలుపు ఒకటే.

చెరువు ముట్టుకోవద్దన్నవాళ్ల మనవడు ఇవాళ అదే చెరువు నీళ్లు సీసాలో పట్టి, ఇవి తాగడానికి పనికొస్తాయో లేదో తేల్చి సంతకం పెట్టగలడు. మహద్ పోరాటానికి అదొక కొనసాగింపు. ఆ సంతకం పెట్టే చోటుకి అతను చేరాలంటే ముందు ఆ తొలి ఉద్యోగం అతనికి దొరకాలి, దాని జీతం ఒకటో తారీఖున రావాలి.