బరువు బండికి కొత్త టైర్లు: కొనేముందు చూడవలసినవి

వింజమూరు: ఉదయగిరి, దుత్తలూరు, కలిగిరి మార్గాల్లోనూ, ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు సాగే 67వ నంబరు జాతీయ రహదారిపైనా బరువైన మోటారుసైకిళ్లపై దూరప్రయాణాలు చేసేవారు తరచూ కనిపిస్తుంటారు. ఇంజిను నూనె, గొలుసు, బ్రేకుల విషయంలో చూపే శ్రద్ధను చాలామంది టైర్లపై చూపరు. దుకాణంలో సిద్ధంగా ఉన్నదానినో, ధర తక్కువగా ఉన్నదానినో బిగించుకుని వెళ్తుంటారు. వెలిగొండ కనుమ మలుపుల్లో బండిని రోడ్డుకు పట్టి ఉంచేది అరచేతి వెడల్పున నేలను తాకే రెండు రబ్బరు ముక్కలు మాత్రమే. అందుకే టైరు ఎంపిక ప్రాణానికి సంబంధించిన విషయం.

మార్చవలసిన సమయం

కేంద్ర మోటారు వాహన నిబంధనలు-1989లోని 94వ నిబంధన ప్రకారం ద్విచక్ర వాహన టైరు గాడుల లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలతో టైరు ఉపరితలం సమానమైతే దాని ఆయుష్షు తీరినట్లే. అయితే తడి రోడ్డుపై నీటిని పక్కకు నెట్టేవి ఆ గాడులే కనుక, అంతదాకా ఆగకుండా లోతు 2 మిల్లీమీటర్లకు చేరగానే మార్చుకోవడం క్షేమం. జిల్లాలో వర్షాలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. సెప్టెంబరులోనే టైర్లను పరీక్షించుకుంటే మేలు.

రబ్బరు వయసు కూడా ముఖ్యమే. టైరు పక్క గోడపై నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. ఉదాహరణకు 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్లు దాటిన టైరును ఏటా మెకానిక్కుకు చూపించాలి. పదేళ్లు నిండితే గాడులు మిగిలి ఉన్నా తీసివేయాలి. పక్క గోడపై పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే వయసుతో నిమిత్తం లేకుండా మార్చవలసిందే.

అంకెల అర్థం

2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వెనుక టైరు కొలత 120/80-18 62పి. ఇందులో 120 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అంటే వెడల్పులో ఎత్తు శాతం, 18 అంటే అంగుళాలలో రిమ్ము వ్యాసం. 62 బరువు సూచిక, అంటే 265 కిలోలు. 'పి' గంటకు 150 కిలోమీటర్ల వేగ పరిమితిని తెలుపుతుంది.

బరువు సూచికను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ బండి బరువు 195 కిలోలు. ఇద్దరు మనుషులకు 150, సామానుకు 25 కిలోలు వేసుకుంటే మొత్తం 370 కిలోలు అవుతుంది. అందులో 60 శాతం వెనుక చక్రంపై పడినా 222 కిలోలు. 54 సూచిక ఉన్న టైరు మోయగలిగేది 212 కిలోలే. ఖాళీ బండికి సరిపోయినట్లు కనిపించే టైరు నిండు బరువుతో వెళ్లేటప్పుడు వేడెక్కి పగిలే ప్రమాదం ఇక్కడే ఉంది.

అందం కోసం వెడల్పు టైరు వేయించడమూ తగదు. రిమ్ముకు మించిన వెడల్పు వల్ల టైరు ఆకారం మారి, మలుపుల్లో బండి మొరాయిస్తుంది. గొలుసుకు రాసుకునే అవకాశమూ ఉంది.

ట్యూబు ఉన్నవి, లేనివి

మీటియర్ 350 వంటి అల్లాయ్ చక్రాల బండ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు అమర్చుతారు. మేకు దిగినా వీటిలో గాలి సాధారణంగా మెల్లగా దిగుతుంది కనుక బండిని అదుపులోకి తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. మామూలు చువ్వల చక్రాలలో చువ్వల రంధ్రాల గుండా గాలి పోతుంది కాబట్టి ట్యూబు తప్పనిసరి. టైరు మార్చినప్పుడు ట్యూబునూ మార్చాలి. దూరం వెళ్లేవారు అదనపు ట్యూబు వెంట ఉంచుకోవాలి.

రోడ్డునుబట్టి గాడుల తీరు

ఎక్కువగా తారు రోడ్డుపై తిరిగేవారికి నిండు ఉపరితలం గల రోడ్డు టైర్లే అనువైనవి. పెద్ద బటన్లు గల టైర్లు మట్టి దారిలో పట్టునిచ్చినా, తడి తారుపై పట్టు తగ్గి త్వరగా అరుగుతాయి. సగం తారు, సగం కంకర దారుల్లో తిరిగేవారు మధ్యరకం ఎంచుకోవచ్చు. రేడియల్, సాధారణ టైర్లను బండి తయారీదారు సూచిస్తే తప్ప ముందొకటి, వెనుకొకటి కలపరాదు.

ఎండాకాలంలో గాలి

వేసవిలో టైరు పేలుతుందన్న భయంతో గాలి తగ్గించేవారున్నారు. ఇది పొరపాటు. గాలి తక్కువైతే పక్క గోడలు ఎక్కువగా వంగి, రాపిడితో మరింత వేడెక్కుతాయి. బండి పుస్తకంలో చెప్పిన ఒత్తిడిని, వెనుక మనిషి ఉన్నప్పటి కొలతను పాటిస్తూ, ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. ప్రయాణం మధ్యలో కొలత పెరిగినట్లు కనిపించినా గాలి తీయరాదు.

దుకాణంలో మరువరానివి

* ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూడాలి. 2009 నాటి కేంద్ర ప్రభుత్వ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు దీనిని తప్పనిసరి చేసింది.
* తయారీ వారం చూసి, బిల్లు తీసుకోవాలి.
* పక్క గోడపై బాణం గుర్తు ఉంటే అది చక్రం తిరిగే దిశకు సరిపోవాలి.
* చక్రం బ్యాలెన్సింగు చేయించి, ఇరుసు నట్లు, గొలుసు బిగువు సరిచూసుకోవాలి.
* కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. తొలి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. మలుపుల్లో ఎక్కువగా వంచరాదు, గట్టి బ్రేకు వేయరాదు.