తుంటి నొప్పికి ఎక్స్‌రే తీస్తే నార్మల్ వచ్చిందా? స్టెరాయిడ్లు వాడినవారు ఇది తప్పక చదవాలి!

పొలం పని చేసేవాళ్లకు నడుము, తుంటి నొప్పులు మామూలే అనుకుంటాం. నొప్పి బిళ్ల వేసుకుని సరిపెట్టుకుంటాం. కానీ గతంలో స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి గజ్జల్లో నొప్పి మొదలైతే తేలిగ్గా తీసుకోవద్దు. అది అవాస్కులర్ నెక్రోసిస్ కావచ్చు. అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడం.

లోపల ఏం జరుగుతుంది?
తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి. స్టెరాయిడ్ల ప్రభావంతో మూలుగలోని కొవ్వు కణాలు ఉబ్బి, ఒత్తిడి పెరిగి రక్త సరఫరా తగ్గుతుంది. దాంతో ఎముక కణాలు చనిపోతాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ కణాలు ఉండాల్సిన గూళ్లు ఖాళీగా కనిపిస్తాయి. శరీరం అంచుల నుంచి రిపేర్ మొదలుపెడుతుంది. పాత ఎముకను తొలిచే ఈ టైమ్‌లోనే బంతి బలహీనపడి, కార్టిలేజ్ కింద చిట్లుతుంది.

ఎక్స్‌రేలో ఎందుకు దొరకదు?
కణాలు చనిపోయినా ఎముకలో కాల్షియం అలాగే ఉంటుంది. అందుకే మొదట్లో ఎక్స్‌రే నార్మల్‌గా వస్తుంది. ఎంఆర్ఐ మాత్రం మూలుగలో మార్పును ముందే పట్టేస్తుంది. చచ్చిన భాగం చుట్టూ నల్ల గీత, కొన్ని చిత్రాల్లో దాని పక్కనే తెల్ల గీత కనిపిస్తాయి. ఎక్స్‌రేలో నెలవంక లాంటి గీత కనిపించిందంటే.. అప్పటికే ఎముక లోపల విరిగినట్టు!

తేడా ఎక్కడ?
బంతి కుంగకముందే తెలిస్తే ఎముకకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్‌తో కీలును కాపాడే అవకాశం ఉంటుంది. కుంగిపోయి కీలు అరిగితే చాలామందికి తుంటి మార్పిడే దారి. 30, 40 ఏళ్ల వయసులోనే ఆ ఆపరేషన్ అంటే శనక్కాయల చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసే పని ఇక కష్టమే.

కోవిడ్‌లో స్టెరాయిడ్లు ప్రాణాలు కాపాడాయి. అయితే వాటిని వాడిన ముగ్గురిలో ఈ సమస్యను 2021లో ముంబై హిందూజా ఆసుపత్రి డాక్టర్లు రిపోర్ట్ చేశారు. కోవిడ్ తేలిన సగటున 58 రోజులకే లక్షణాలు కనిపించాయి.

ఏం చేయాలి?
* గజ్జ, తొడ, ఒక్కోసారి మోకాలి నొప్పి.. కాలు లోపలికి తిప్పితే ఎక్కువవుతుంటే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. కర్నూలు సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్‌లో ఈ విభాగం ఉంది.
* ఎప్పుడు, ఎన్ని రోజులు స్టెరాయిడ్ వాడారో చెప్పండి. పాత చీటీలు తీసుకెళ్లండి.
* ఒక తుంటిలో తేలితే రెండోదీ చూపించుకోండి. చాలామందికి రెండు వైపులా వస్తుంది.
* పేరు తెలియని నొప్పి బిళ్లలు, ఇంజెక్షన్లు వద్దు.
* ప్రస్తుతం స్టెరాయిడ్ వాడుతుంటే భయపడి సొంతంగా ఆపేయొద్దు.. అదీ ప్రమాదమే. డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి.