పగడపు దీవులలో విషమత్స్యములు

గోదావరీమాత యొడిలో పెరిగిన కోనసీమవారికి చేపనుగూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. పులస యే ఋతువున వచ్చునో, పండుగప్ప యే నీట దొరకునో, అంతర్వేది మొదలు ఓడలరేవు వఱకు గల పల్లెలలో చిన్నపిల్లలును చెప్పగలరు. చెడిన చేపను వాసనచేతను, కంటిచేతను, మొప్పల రంగుచేతను పోల్చుట మనకు తరతరములుగా వచ్చిన విద్య. అయితే ఈ విద్య చాలని సముద్రములు కొన్ని కలవు. అచ్చటి చేప అప్పుడే గాలమునకు తగిలి గిలగిల కొట్టుకొనుచుండును, మొప్పలు ఎఱ్ఱగా నుండును, రుచికి లోపముండదు, తిన్నవాడు మాత్రము వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు బాధపడును. ఆ చేపల కథను, దానితో మనవారికి గలిగిన సంబంధమును నేడు మీకు మనవి చేసెదను.

కోనసీమకు ఉత్తరమున, గౌతమికి ఆవలి గట్టున కోరంగి యున్నది. నేడు మడ అడవులకు పేరుగన్న ఆ యూరు ఒకప్పుడు గొప్ప ఓడరేవు. 1839వ సంవత్సరము నవంబరు మాసములో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును నాశనము చేసినవి. అయినను నాలుగేండ్లకే, అనగా 1843లో, ‘కోరంగి ప్యాకెట్’ అను ఓడ అక్కడనుండి తెలుగు కూలీలను ఎక్కించుకొని హిందూమహాసముద్రములోని మారిషసు దీవికి పోయినది. చెఱకుతోటల పనికై పోయిన మనవారికి ఆ దీవిలో ‘కోరంగీలు’ అను పేరే నిలిచిపోయినది. 1903 మొదలు చెన్నపట్నపు ఓడలమీద మఱికొందఱు తెలుగువారు పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీదీవులకు పోయిరి. మారిషసులోని మనవారు 1947లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని భాషను కాపాడుకొనుచు వచ్చిరి.

వారు విడిచిన తీరము వేఱు, చేరిన తీరము వేఱు. మన తీరమున గోదావరి ఒండ్రుమట్టిని కొనివచ్చి కడలిలో కలుపుచుండును; ఆ మడ్డినీటిలో పగడపు దిబ్బలు పెరుగవు. మారిషసు చుట్టును నీరు తేట. దీవికి ప్రాకారమువలె పగడపు దిబ్బలున్నవి. మనము చెప్పుకొనుచున్న విషము పుట్టునది అట్టి దిబ్బలమీదనే.

ఈ వ్యాధి పాతది. 1774లో కుక్ అను ఆంగ్లనావికుని ఓడ పసిఫిక్ సముద్రమున నేడు వనువాటు అనబడు దీవులచెంత నుండగా, గాలమునకు రెండు ఎఱ్ఱనిచేపలు చిక్కినవి. ఓడలోని అధికారులు వానిని వండించుకొని తినిరి. ఆ రాత్రి తిన్నవారికందఱికి తలనొప్పి, ఎముకలలో పోట్లు, ఒడలెల్ల మంట, కీళ్లలో తిమ్మిరి పుట్టినవి. మిగిలినది తిన్న పందులును కుక్కలును జబ్బుపడినవి. వారు తేఱుకొనుటకు వారము పది దినములు పట్టినది. క్యూబా దీవిలో ‘సిగువా’ అను ఒక నత్తను తిన్నవారికి ఇట్టి బాధయే కలుగుటచే, స్పెయిన్ దేశీయులు దీనికి ‘సిగువాటెరా’ అని పేరు పెట్టిరి. 1787లో పారా అను నతడు దీనిని గ్రంథస్థము చేసెను.

చేపకు విషమెక్కడిది? 1958లో రాండల్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు దీనికొక మార్గము చూపెను. విషము చేపలో పుట్టదు, అది తిన్న మేతలో పుట్టునని ఆయన వాదము. 1967లో హవాయిలో షాయర్ అను ఆచార్యుడు ఆ విషమునకు ‘సిగువాటాక్సిన్’ అని నామకరణము చేసెను. 1977లో జపాను శాస్త్రజ్ఞుడు యసుమోటో మొదలగువారు గాంబియర్ దీవులలో అసలు దోషిని పట్టుకొనిరి. అది కంటికి కానరాని నాచు. సముద్రపు పాచిమీదను, చచ్చిన పగడములమీదను పెరుగును. పాచిని మేయు చిన్నచేపలు దానినికూడ మ్రింగును. వానిని పెద్దచేపలు మ్రింగును. ఇట్లు విషము మెట్టుమెట్టునకు కూడుచు పోయి, పెద్ద మాంసాహారి చేపలో పండును. తలలో, కాలేయములో, ప్రేవులలో, జెనలో మఱింత హెచ్చుగా నుండును. చేపకు మాత్రము రోగలక్షణ మేదియు కనబడదు.

తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనములు పట్టును. పిదప పెదవులును వ్రేళ్లును చిమచిమలాడును; చన్నీరు తగిలిన మంటవలె తోచును; నాడి మందగించును. ప్రాణము పోవుట అరుదు. కాని దీనికి విరుగుడు మందు లేదు. వైద్యులు బాధను తగ్గింపగలరేగాని విషమును తీయలేరు. ఉడికించినను, వేయించినను, ఉప్పుపెట్టి యెండించినను, మంచులో నుంచినను ఈ విషము పోదు. వెండినాణెము నల్లబడునేమో యని, ఈగ వ్రాలునేమో యని చూచు పరీక్షలు దీవులలో ప్రచారమున నున్నవి, అవి నిరర్థకములు. మారిషసు ప్రభుత్వము కొన్ని జాతులను పేర్కొని వాని విక్రయమును నిషేధించినది. ఏ దిబ్బ చేప తగదో అచ్చటి పాత జాలరులనడిగి తెలిసికొనుటయే దీవులలో మేలైన మార్గము.

‘మన తీరమున దిబ్బలు లేవుగదా, మనకేమి భయము?’ అని మీరడుగవచ్చును. చేప యిప్పుడు పుట్టినచోటనే వండబడుట లేదు. 2016లో మంగుళూరులో ఎఱ్ఱని దిబ్బచేపల తలలను చవుకగా కొని తిన్న రెండువందలమందికి పైగా జబ్బుపడిరి. మాంసము తీసివేయగా మిగిలిన తలలు బీదల వంటింటికి చేరిన ఫలితమది. చేపయే కానక్కరలేదు, గుల్లలైనను చాలును. నీటిలోని నాచును వడగట్టి తిను గుల్లలలో నిలుచు విషము మఱియొకటి కలదు. అది చేతులను కాళ్లను పడగొట్టి ఊపిరిని స్తంభింపజేయును. 1981లో తమిళదేశమున వాయలూరులో ముగ్గురును, 1997లో కేరళమున విళింజములో ఏడుగురును అట్టి గుల్లలు తిని మరణించిరి.

కావున పెద్దలకు నా విన్నపమిది. ఊరు పేరు తెలియని పెద్ద దిబ్బచేపల తలలు, ప్రేవులు చవుకగా వచ్చినవని కొనకుడు. సముద్రపునీరు వింతరంగు తిరిగిన దినములలో గుల్లలను ముట్టకుడు. తిన్నవారికి పెదవులు చిమచిమలాడినచో నాటువైద్యముతో ప్రొద్దుపుచ్చక ఆసుపత్రికి పంపుడు. ఏ చేప తినిరో, ఎక్కడ కొనిరో వైద్యునకు తెలుపుడు. మన బిడ్డలు నేడును దూరతీరములకు పోవుచున్నారు. పోవునప్పుడు మనము కట్టియిచ్చు మూటలో ఈ మాటయు నొకటి యుంచుదము: పరాయినీటి చేపను తినుటకు ముందు ఆ నీటివారినడుగవలెను.