రెబెక్కా నర్స్, ఆమె ఇరుగుపొరుగు

మేము నివసించుచున్న ఈ డాన్వర్స్ పట్టణము పూర్వము సేలం గ్రామమను పేర వ్యవహరింపబడెడిది. 1692లో మంత్రగత్తెల విచారణలకు దారితీసిన కలవరము మొదట రేగినది ఇచ్చటనే. నాటి అపవాదమునకు గురియైనవారిలో, నా మనస్సును ఎక్కువగా ఆకర్షించునది నర్స్ వంశమునకు మూలమాతయైన రెబెక్కా చరిత్రము.

ఇంగ్లాండునందలి యార్మత్‌లో జన్మించిన ఈమె, కొయ్య తట్టలు చేసి జీవించు ఫ్రాన్సిస్ నర్స్‌ను వివాహమాడి, ఎనమండుగురు బిడ్డలను కనినది. 1678లో ఆ కుటుంబము మూడువందల ఎకరముల పొలమును వాయిదాలపై సంపాదించినది. పనివాని ఇంటికి అంత భూమి అమరుటయు, సరిహద్దు తగవులును కొందరికి కంటగింపైనవని నా ఊహ. ఆమె పేరు పుకార్లలో పడునప్పటికి డెబ్బదియొక యేండ్ల వృద్ధురాలు, రోగపీడిత, చెవులు సరిగా వినబడనిది. తన్ను చూడవచ్చిన పొరుగువారితో, మూర్ఛలతో బాధపడుచున్న బాలికలపట్ల జాలిని ప్రకటించిన పిమ్మటనే, వారు తనపైననే నేరము మోపుచున్నారని ఆమె వినినది.

మార్చి 23న ఎడ్వర్డ్ పట్నం, జోనాథన్ పట్నంలు ఫిర్యాదు చేసిరి. నిందితురాలి ఛాయారూపము వచ్చి తమ్ము హింసించెనని బాలికలు పలుకగా, ఆ రూపమును ఇతరులెవ్వరును చూడకున్నను, ఆ మాటయే సాక్ష్యముగా చెల్లినది. అంతటి భీతిలో సైతము ముప్పదితొమ్మిదిమంది ఇరుగుపొరుగువారు, ఆమె నడవడియందు దోషమెన్నడును కానలేదని వ్రాసి సంతకములు చేసిరి. నిందితుని వెనుకేసుకొనిరావచ్చినవాడే మరునాడు నిందితుడగుచుండిన ఆ దినములలో ఆ సంతకము విలువ యెంతటిదో తలచుకొనవలెను.

జూన్ చివర జ్యూరీవారు ఆమె నిర్దోషియని తీర్పు చెప్పిరి. వెంటనే బాలికలు గగ్గోలు పెట్టగా, ప్రధాన న్యాయాధిపతి స్టౌటన్, ఆమె నోట వెలువడిన ఒక మాటను తిరిగి ఆలోచింపుడని జ్యూరీకి సూచించెను. నేరమంగీకరించిన డెలివరెన్స్ హాబ్స్ సాక్షిగా రాగా, ఈమె మాలో ఒకతె గదాయని రెబెక్కా పలికియుండెను. తోటి ఖైదీయని మాత్రమే ఆమె భావము. జ్యూరీ పెద్ద ఆ మాటకు అర్థమేమని అడుగగా, దుఃఖభారముచేతను చెవిటితనముచేతను ప్రశ్న వినబడక ఆమె మిన్నకుండెను; ఆ మౌనమునే నేరాంగీకారముగా గ్రహించి జ్యూరీ తీర్పు మార్చెను. ఒక వృద్ధురాలి చెవికి చేరునట్లు ఆ ప్రశ్నను మరల గట్టిగా అడుగువాడొక్కడును లేకపోయెను గదా! గవర్నరు ఫిప్స్ ప్రసాదించిన ఊరట సైతము నిలువలేదు. సంఘమునుండి వెలివేయబడి, జులై 19న ఆమె ఉరితీయబడెను. కుటుంబమువారు రాత్రివేళ దేహమును తెచ్చి తమ పొలమున పాతిపెట్టిరని వంశమువారు చెప్పుకొందురు. ఆమె చెల్లెలు మేరీ ఈస్టీకి సెప్టెంబరులో ఇదే గతి పట్టెను.

ఆరోపించిన బాలికలలో ఒకతెయైన ఆన్ పట్నం 1706లో సంఘము నెదుట క్షమాపణ వేడెను. 1711లో శాసనసభ దండనను రద్దుచేయగా, మరుసటి యేడు సంఘము వెలివేతను తొలగించెను.

వంశీయులు 1885లో పొలమందలి శ్మశానమున ఆమెకు స్మారకస్తంభము నెత్తి, ఏడేండ్లకు ఆమె పక్షమున సంతకము చేసిన పొరుగువారికొరకు వేరొక శిల నిలిపిరి. ఈ రెండవ శిలయే మా ఊరికి నిజమైన కీర్తియని నేను నమ్ముదును. ఆ సంతకములు చేసినవారిలో, మార్చిలో ఆమెపై ఫిర్యాదు చేసిన జోనాథన్ పట్నం కూడ నొకడు.