కొవ్వు బొట్టుకి కాపలా ఎవరు?

జిమ్‌కి వెళ్లేవాళ్లు ‘ఫ్యాట్ బర్నర్’ అని రాసున్న డబ్బా ఒక్కసారైనా చూసే ఉంటారు. ఆ పేరు వినగానే ఏమనిపిస్తుంది? ఒంట్లో కొవ్వు కట్టెల మోపులా పడి ఉంది, అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకుంటుంది అని. నవ్వకండి. సైంటిస్టులు కూడా చాలా ఏళ్లు దాన్ని ఇంచుమించు అలాగే చూశారు. ఆ ఆలోచన ఎలా మారిందో ఈరోజు చెప్పుకుందాం.

1890ల నాటికే మైక్రోస్కోప్ కింద కణాల్లో మెరిసే నూనె బొట్లు కనిపించాయి. చూశారు, బొమ్మలు గీశారు, వదిలేశారు. పులుసు మీద తేలే నూనె గురించి ఎవరు రీసెర్చ్ చేస్తారు చెప్పండి? కొవ్వు నీళ్లలో కలవదు కాబట్టి ఓ మూల పోగైంది, అంతే అనుకున్నారు.

ఆ బొట్టులో ప్రధానంగా ఉండేది ట్రైగ్లిజరైడ్. బ్లడ్ టెస్ట్ రిపోర్టులో మన నాన్నలు కంగారుగా వెతుక్కునే పేరే ఇది. ఒక గ్లిజరాల్ ముక్కకి మూడు ఫ్యాటీ యాసిడ్ తోకలు ఉంటాయి. గుండెకో కండరానికో ఇంధనం కావాలంటే ఆ తోకల్ని ఒక్కొక్కటిగా కత్తిరించి పంపాలి. మరి ఆ కత్తెర ఏది?

1964లో అమెరికాలో మార్తా వాన్, డేనియల్ స్టైన్‌బర్గ్ బృందం ఒక ఎంజైమ్ గురించి రాసింది. హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్, పొట్టిగా హెచ్‌ఎస్‌ఎల్. అడ్రినలిన్ వస్తే ఇది పనిలోకి దిగుతుంది, ఇన్సులిన్ ఉంటే తగ్గుతుంది. తిన్నప్పుడు దాచుకోవడం, పస్తున్నప్పుడు బయటికి తీయడం. లెక్క చక్కగా సరిపోయింది. టెక్స్ట్‌బుక్‌లోకి ఎక్కి, దాదాపు నలభై ఏళ్లు అక్కడే కూర్చుంది.

కానీ ఒక చిక్కు ఉంది. టెస్ట్ ట్యూబ్‌లో ఈ ఎంజైమ్‌ని హార్మోన్ సిగ్నల్‌తో రెచ్చగొడితే వేగం రెండింతలు పెరుగుతుంది, అంతే. అదే బతికున్న కొవ్వు కణంలో అయితే కొవ్వు కరగడం పదుల రెట్లు పెరుగుతుంది. మిగతా బలం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

జవాబులో మొదటి సగం 1991లో దొరికింది. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కాన్‌స్టంటైన్ లోండోస్ ల్యాబ్ అది. హార్మోన్ తగలగానే కొవ్వు కణంలో ఏ ప్రోటీన్ మీద ఎక్కువ ఫాస్ఫేట్ ముద్రలు పడుతున్నాయో చూశారు. హెచ్‌ఎస్‌ఎల్ కాదు, అసలెవరికీ తెలియని ఇంకో ప్రోటీన్! అది సరిగ్గా నూనె బొట్టు అంచున, చుట్టూ అతుక్కుని ఉంది. గ్రీకులో ‘పెరి’ అంటే చుట్టూ. అందుకే పెరిలిపిన్ అని పేరు పెట్టారు. నా దృష్టిలో ఈ కథ మొత్తం తిరిగింది ఇక్కడే. గోడే లేదనుకున్న గోడౌన్‌కి గోడా ఉంది, వాచ్‌మనూ ఉన్నాడు.

వాచ్‌మన్‌ని తీసేస్తే? 2000, 2001ల్లో రెండు బృందాలు పెరిలిపిన్ జీన్ లేని ఎలుకల్ని తయారుచేశాయి. అవి సన్నగా పుట్టాయి, కొవ్వు తిండి పెట్టినా లావెక్కలేదు. పుట్టుకతోనే లావయ్యే జాతి ఎలుకల్లో ఈ జీన్ తీసేస్తే ఆ లావు కూడా పోయింది. మందుల కంపెనీలకి పండగే అనుకుంటాం కదా? కానీ వాటిలో కొవ్వు ఎప్పుడూ కారుతూనే ఉంది, నిజంగా అడ్రినలిన్ పిలిచినప్పుడు మాత్రం సరిగ్గా స్పందించలేదు. పైగా ఒక బృందం ఎలుకలు షుగర్‌ని అదుపు చేసుకోలేకపోయాయి.

అదే 2000లో జపాన్ పరిశోధకులు హెచ్‌ఎస్‌ఎల్ లేని ఎలుకల్ని చూపించారు. కత్తెరే లేదు కాబట్టి అవి బాగా లావెక్కాలి. ఎక్కలేదు! కొవ్వు కరుగుతూనే ఉంది. వాటి కణాల్లో ఒక తోక తెగి, రెండు మిగిలిన సగం కొవ్వు పేరుకుంది. అంటే మొదటి కోత వేసేది వేరే ఎవరో.

ఆ వేరే ఎవరో 2004లో దొరికింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో రుడాల్ఫ్ జెఖ్నర్ బృందం దానికి ఏటీజీఎల్ అని పేరు పెట్టింది. తమాషా ఏంటంటే అదే ఏడాది అమెరికాలో ఇంకో రెండు ల్యాబులు కూడా ఇదే ఎంజైమ్‌ని వేరే వేరే పేర్లతో ప్రకటించాయి. మొదటి తోక ఏటీజీఎల్‌ది, రెండోది హెచ్‌ఎస్‌ఎల్‌ది. 2006లో ఏటీజీఎల్‌కి తోడుగా సీజీఐ-58 అనే చిన్న ప్రోటీన్ కావాలని తేలింది. మామూలప్పుడు పెరిలిపిన్ ఆ తోడుని తన దగ్గర కట్టేసి ఉంచుతుంది. అడ్రినలిన్ వస్తే పెరిలిపిన్ మీద ముద్ర పడుతుంది, పట్టు వదులుతుంది, తోడు వెళ్లి కత్తెరతో కలుస్తుంది. అప్పుడే హెచ్‌ఎస్‌ఎల్ కూడా బొట్టు దగ్గరికి చేరుతుంది. ఆ పదుల రెట్ల వేగం ఇలా వచ్చింది.

ఇక కత్తెర పోతే? ఏటీజీఎల్ లేని ఎలుకల గుండెలో కొవ్వు పేరుకుని, అవి అకాలంగా చనిపోయాయి. మనుషుల్లో కూడా ఈ జీన్ చెడితే కండరాలు బలహీనపడే అరుదైన జబ్బు వస్తుంది, కొందరికి గుండె కూడా దెబ్బతింటుంది.

వాచ్‌మన్ సంగతి 2011లో మనుషుల్లోనూ బయటపడింది. పెరిలిపిన్ జీన్‌లో లోపం ఉన్న కుటుంబాలవి. కాళ్ల దగ్గర, పిరుదుల దగ్గర కొవ్వు తక్కువ, చూడ్డానికి సన్నం. కానీ లోపల డయాబెటిస్, లివర్‌లో కొవ్వు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతం. బొట్టులో నిలవలేని కొవ్వు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. లివర్‌లో దిగింది.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. చాలా ఫ్యాట్ బర్నర్లలో ఉండేది కెఫీన్. అది తాళాన్ని కాస్త కదపగలదేమో. కానీ బయటికొచ్చిన ఫ్యాటీ యాసిడ్లని కండరాలు వాడుకోకపోతే, అవి లివర్‌లోనో మళ్లీ కొవ్వు కణంలోనో ట్రైగ్లిజరైడ్‌గా మారి కూర్చుంటాయి. డబ్బా మీద ఆ ముక్క మాత్రం రాయరు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇన్సులిన్ కథ. ఉంటాను.